అనపకాయల కాలంలో పితికిపప్పు చారు

డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాటిన కొద్ది వారాల దాకా ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతంలో, అంటే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు ఏ సంతకు వెళ్లినా పచ్చని అనపకాయల కుప్పలు కనిపిస్తాయి. కోస్తా జిల్లాల వారికి ఈ పేరు వినగానే సొరకాయ గుర్తుకు రావచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను: ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన కాయ, తొక్క కోసం కాక లోపలి గింజ కోసం పండించేది. ఎండిన ఈ గింజలనే చాలా చోట్ల అనుములంటారు, కన్నడిగులు అవరెకాయ అనేదీ దీనినే. పచ్చి గింజలను నానబెట్టి, పైపొర నుంచి పితికి తీసిన పప్పుతో మా ఇళ్లలో కూర చేస్తారు, పులుసు పెడతారు, ఉప్మాలో వేస్తారు. వీటన్నింటిలోనూ నాకు అత్యంత ఇష్టమైనది, బయటి ప్రాంతాల వారికి అంతగా తెలియనిది, పలుచగా కాచే పితికిపప్పు చారు. దీనికి వంట నేర్పు కంటే రెండు విషయాలు ముఖ్యమని నా నమ్మకం. మొదటిది సరైన కాలంలో సరైన కాయ దొరకడం, రెండవది దొరికిన తరువాత మసాలాల విషయంలో చేయి అదుపులో పెట్టుకోవడం.

కాలం గురించి ముందుగా చెప్పాలి. నాటు అనప పగటి పొద్దు కురచ అయితే తప్ప పూతకు రాని మొక్క. వర్షాధారపు చేలలో వేరుశనగతో పాటు, కొన్ని చోట్ల రాగితో పాటు, తొలకరిలో సాళ్ల మధ్య విత్తుతారు. వేరుశనగ ఊడలు దిగి, కాయ పట్టి, పెరికివేతకు వచ్చేదాకా అనప తీగ ఆకు వేస్తూ పాకుతుందే కాని పూత మాట ఎత్తదు. అక్టోబరులో పొద్దు బాగా కురచయ్యాకే గెలలు వేసి పూస్తుంది, చలి ముదిరే నాటికి కాయలో గింజ నిండుతుంది. ఒకే చేను ఒకే వానతో ముందు వేరుశనగనూ తరువాత అనపనూ ఇవ్వడం మెట్ట రైతుకు ఎంత ఆసరాయో వేరే చెప్పనక్కరలేదు. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలలో నిలుపుతుంది కాబట్టి ఆ చేనుకు ఇది ఎరువు కూడా.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం హెబ్బాళ పేరుతో విడుదల చేసిన రకాలు ఈ పొద్దు కట్టుబాటును దాటాయి. పగలు పొడవుగా ఉన్నా పూస్తాయి కాబట్టి ఏడాదిలో ఏ కాలంలో వేసినా కాపుకు వస్తాయి. రైతుకు ఇది మేలే, ఆ మేలును నేను తక్కువ చేయను. కాని ఎండాకాలంలో వచ్చే ఆ కాయలకూ, పుష్యమాసపు మంచులో తడిసిన నాటు కాయకూ వాసనలో ఉన్న తేడా వంటింటిలో ఇట్టే తెలిసిపోతుంది. నాటు అనపకాయ తొక్క మీద వేలికి కొంచెం జిగటగా తగిలే నూనెపొర ఉంటుంది, ఆ ఘాటైన పచ్చి వాసనంతా అందులోనిదే. మంచు పడినకొద్దీ కాయకు వాసన ఎక్కుతుందని మా వైపు రైతులు అంటారు, సంతలో కాయలు ఏరేవారూ అదే నమ్ముతారు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి కుప్పం మీదుగా కోలారు దాకా ఇదే పీఠభూమి. ఆ చలి, ఆ ఉదయపు మంచు ఈ కాయకు సొంత ఊరి వాతావరణమైపోయాయి. బెంగళూరులో చలికాలంలో జరిగే అవరెకాయ మేళాకు జనం విరగబడడం చూసినవారికి ఈ వాసన మీద ఆ పీఠభూమి ప్రజలకున్న మమకారం ఎంతటిదో తెలుస్తుంది.

ఈ గింజ మన వంటలోకి నిన్న మొన్న వచ్చినది కాదు. దీని పుట్టుక ఆఫ్రికాలో. అయినా కర్ణాటకలోని నవీన శిలాయుగపు తవ్వకాలలో క్రీస్తు పూర్వం 2వ సహస్రాబ్దికి చెందిన అనపగింజలు మాడిన రూపంలో దొరికాయి. రాగి కూడా తూర్పు ఆఫ్రికా మెట్టల నుంచే వచ్చింది. రాగి సంగటిలో అనపగింజల చారు పోసుకుని తినే రాయలసీమ భోజనంలో, సముద్రం దాటివచ్చిన రెండు పంటలు ఇక్కడి మెట్ట నేలలో ఇరుగుపొరుగుగా పెరిగి ఒకే కంచంలో కలుస్తున్నాయన్నమాట. నాకు ఈ సంగతి తెలిసిన నాటి నుంచి ఆ కంచం మీద గౌరవం పెరిగింది.

ఇక కాయలు కొనడం. కాయ పచ్చగా, నిండుగా ఉండాలి, గింజ ఉన్న చోట తొక్క ఉబ్బి కనిపించాలి. చారుకు మరీ లేత గింజ పనికిరాదు, ఎందుకంటే దానికి పైపొర ఇంకా విడివడదు, పితికితే పప్పు చితికిపోతుంది. పసుపు తిరిగిన కాయలోని గింజ ముదిరిపోయి పిండిపిండిగా ఉంటుంది. ఈ రెండింటి నడుమ, గోటితో నొక్కితే కొంచెం లొంగి, లోపల గట్టిగా తగిలే గింజను ఎంచుకోవాలి. ఒకసారి సంతలో ఒకామెను “ఇవి నాటు కాయలేనా పెద్దమ్మా?” అని అడిగితే, “నన్నడిగేదేముందమ్మా, చేతిలోకి తీసుకుని వాసన చూడు, అదే చెప్తుంది” అన్నది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పరీక్ష అదే. గుప్పెడు కాయలు నలిపి వాసన చూస్తాను, చేతికి జిగట అంటకపోతే ముందుకు కదులుతాను. కాయకు చిన్న రంధ్రం ఉంటే లోపల పచ్చపురుగు ఉంటుంది కాబట్టి ఏరివేయాలి. ఆ పురుగు కోసమే మందులు కొట్టడం కూడా ఎక్కువ. అందుచేత తెలిసిన రైతు దగ్గర కొనగలిగితే మేలు, లేకపోతే కాయలను ఒలవకముందే రెండు మూడు నీళ్లలో బాగా కడిగి ఆరబెట్టాలి.

ఒలవడం, నానబెట్టడం, పితకడం అనే ఈ మూడు పనులకే అసలు సమయమంతా పడుతుంది. కిలో కాయలు ఒలిస్తే గింజలు సగం బరువుకు కూడా రావు, పైపొర తీసిన తరువాత అందులోనూ కొంత తరుగు పోతుంది. అందుకే ఇది ఒక్కరు చేసుకునే పని కాదు. మా ఇంట్లో రాత్రి భోజనాలైన తరువాత చాప పరిచి కాయల గంప మధ్యలో పెట్టుకుని అందరూ ఒలిచేవారు. మా అవ్వ ఒక్కో కాయను నారతో సహా ఒకే ఊపున చీల్చి గింజలను చేటలోకి రాల్చే వేగం మాలో ఎవరికీ రాలేదు. ఒలిచిన గింజలను గింజ మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లుండేలా పోసి రాత్రంతా నాననివ్వాలి. వేడినీళ్లు పోస్తే తొందరగా నానుతాయని కొందరు అలా చేస్తారు. దానివల్ల పైపొర సులువుగానే వస్తుంది కాని పప్పు అంచులు ముందే మెత్తబడి, చారులో విడిగా నిలవవలసిన బద్దలు కరిగిపోతాయి. చన్నీళ్లలోనే నానబెట్టి ఉదయం దాకా ఆగడం మంచిదని నా అభిప్రాయం.

తెల్లవారే సరికి గింజ ఉబ్బి, పైపొర వదులై ఉంటుంది. గింజకు ఒక అంచున తెల్లని గీతలాంటి ముక్కు ఉంటుంది. దానికి ఎదురు వైపు బొటనవేలు, చూపుడువేలు పెట్టి మెల్లగా నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది. బలం ఏమాత్రం అక్కరలేదు, నొక్కవలసిన చోటు తెలిస్తే చాలు. చిన్నపిల్లలు కూడా ఈ పనిని ఇష్టంగా చేస్తారు, పప్పు ఎగిరి దూరంగా పడకుండా గిన్నె మీదికి వంగి పితకమని చెప్పడమొక్కటే పెద్దల పని. పైపొరలు పశువులున్న ఇళ్లలో కుడితి తొట్టిలోకి వెళతాయి, లేనివారు మొక్కల మొదట్లో వేసుకోవచ్చు.

పైపొర తీయకుండా నేరుగా గింజలతో చారు పెట్టుకోవచ్చు, మా వైపు పనులున్న రోజుల్లో పెట్టేది అదే. ఆ చారు కూడా బాగుంటుంది. కాని పైపొరలో కొద్దిగా వగరు ఉంటుంది, నములుతుంటే పీచులా పంటికి తగులుతుంది, అన్నింటికీ మించి లోపలి పిండిపదార్థాన్ని అది బయటికి రానివ్వదు. పితికిన పప్పు ఉడికేటప్పుడు తన అంచులను తానే కొంచెం కరిగించి నీటికి వెన్నలాంటి చిక్కదనం ఇస్తుంది. కందిపప్పు, బియ్యపు పిండి వంటివేవీ కలపకుండా చారుకు ఒళ్లు రావడం ఈ పితకడం వల్లనే సాధ్యమవుతుంది. అంత శ్రమకు అర్థం అక్కడుంది.

తొక్కలను పారేయడం గురించి ఒక మాట చెప్పాలి. కాయ వాసన తొక్క మీదే ఉందని పైన చెప్పాను కదా, గింజలు మాత్రమే వాడి తొక్కలన్నీ పారేస్తే ఆ వాసనలో పెద్ద భాగం పోయినట్టే. మా ప్రాంతంలో కాయలను తొక్కతోనే ఉప్పు వేసి ఉడికించి, చేత్తో ఒలుచుకుంటూ సాయంత్రం పూట తింటారు. ఆ నీటిని వాసన చూసినప్పుడు నాకు ఈ ఆలోచన వచ్చింది. ఇప్పుడు నేను శుభ్రంగా కడిగిన, పురుగు లేని తొక్కలను రెండు గుప్పెళ్లు తీసుకుని, లీటరున్నర నీటిలో పది నిమిషాలు మరిగించి వడగట్టి, ఆ నీటినే ఎసరుగా వాడుతున్నాను. అంతకంటే ఎక్కువసేపు మరిగిస్తే వగరు దిగుతుంది. ఇది మా అమ్మ పద్ధతి కాదు, నేను చేర్చుకున్నది. మంచి నాటు కాయ దొరికినప్పుడు దీనివల్ల చారుకు వచ్చే వాసన చూసి అమ్మ కూడా ఒప్పుకున్నది.

నలుగురైదుగురికి ఒలిచిన గింజలు అరకిలో చాలు. తొక్కల నీరు బాగా తెర్లుతున్నప్పుడు పితికిన పప్పు, చిటికెడు పసుపు వేసి, పైకి తేలే నురుగును గరిటెతో తీసివేయాలి. మూత పెట్టవద్దు. పప్పు ఉడికేటప్పుడు వెలువడే ఆమ్లాలు ఆవిరితో పాటు బయటికి పోతేనే పచ్చని రంగు కొంతవరకైనా నిలుస్తుంది, మూత పెడితే అవి మళ్లీ గిన్నెలోకే చేరి పత్రహరితాన్ని మాసిన ఆకుపచ్చగా మార్చేస్తాయి. ప్రెషర్ కుక్కర్ వద్దనడానికి కారణం కూడా కొంతవరకు ఇదే. ఇంకొక కారణమేమిటంటే, పితికిన పప్పు మామూలు గిన్నెలోనే పావుగంటలో ఉడికిపోతుంది, కుక్కర్లో అది గుజ్జయిపోయి బద్ద అనేదే మిగలదు. పైపొర తీయని గింజలైతే మరో పది నిమిషాలు అదనంగా పడుతుంది. ఎంత లేత గింజ అయినా పచ్చిగా నోట్లో వేసుకోవద్దని, బద్ద వేళ్ల మధ్య సులువుగా నలిగేదాకా ఉడికించాలని కూడా చెబుతున్నాను. ఈ జాతి గింజలలో అరుగుదలను అడ్డుకునే పదార్థాలుంటాయి, అవి వేడికే లొంగుతాయి.

నీటి సంగతి చాలామంది పట్టించుకోరు. మా సీమ బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ, ఆ కాల్షియం గింజ గోడలలోని పెక్టిన్‌తో బంధం వేసి ఎంతసేపు కాచినా మెత్తబడనివ్వదు. పప్పు ఉడకలేదని గింజను నిందించే ముందు నీటిని చూడాలి. తాగునీరు, లేదా వాననీరు పట్టుకున్నవారైతే ఆ నీరు వాడితే తేడా వెంటనే తెలుస్తుంది. చింతపండు విషయంలో కూడా ఇంతే: పులుపు తగిలితే గింజ ఉడకడం నెమ్మదిస్తుంది, రంగు కూడా పోతుంది. అందుకని పప్పు పూర్తిగా ఉడికే వరకు చింతపండు గాని టమాటా గాని గిన్నె దరికి రానివ్వకూడదు.

పప్పు ఉడకగానే నాలుగు గరిటెల పప్పును కట్టుతో సహా వేరే గిన్నెలోకి తీసి పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, తిరిగి చారులో కలపాలి. మిక్సీలో వేస్తే మరీ నున్నగా జారుడుగా అవుతుంది, పప్పుగుత్తి మిగిల్చే ఆ కొద్దిపాటి పలుకు నాకు నచ్చుతుంది. ఈలోగా మూడు చెంచాల పచ్చికొబ్బరి, నాలుగు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం, అయిదారు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, అర చెంచా మిరియాలు, గుప్పెడు కొత్తిమీర కాడలతో సహా నూరి పెట్టుకోవాలి. ఆ ముద్దను వేసి, ఉప్పు చేర్చి, అయిదు నిమిషాలు మరగనివ్వాలి. చివరిలో గోళీకాయంత చింతపండు నానబెట్టి తీసిన పలుచని రసం పోసి, ఒక్క పొంగు రాగానే దించాలి.

ఇక్కడే చేయి అదుపులో పెట్టుకోవలసిన అవసరం వస్తుంది. మా వైపు పితికిపప్పు కూరలో చెక్క, లవంగం, ధనియాలు, గసగసాలు, వేయించిన ఉల్లిపాయ నూరి వేస్తారు, పండుగ రోజు పూరీలలోకి, దోసెలలోకి ఆ కూరకు సాటి లేదు. కాని అదే మసాలాను చారులో వేస్తే గిన్నెలో అనపగింజలు ఉన్నాయో, బఠాణీలు ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పలేము. ఏడాదికి ఆరేడు వారాలు మాత్రమే దొరికే గింజను, ఏడాది పొడవునా దొరికే లవంగం కింద దాచిపెట్టడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. మిరియాల కారం, కొబ్బరి తీపి, అల్లం ఘాటు ఈ గింజకు తోడుగా నిలుస్తాయి, దానిని తోసిరాజనవు. కన్నడ ఇళ్లలో ఈ గింజలతో సోయికూర (డిల్ ఆకు) వేస్తారు, ఆ వాసన ఇష్టపడేవారు కాసింత తరిగి చివరిలో చల్లుకుంటే బాగుంటుంది. అప్పుడు కొత్తిమీర మానేయాలి, రెండూ కలిస్తే ఒకదానినొకటి చెడగొట్టుకుంటాయి. తిరగవాతకు వేరుశనగ నూనెలో ఆవాలు, జీలకర్ర, ఒక ఎండుమిరపకాయ, కరివేపాకు, చిదిమిన రెండు చిన్న ఉల్లిపాయలు చాలు. ఇంగువ నేను వేయను.

వేడి సంగటి ముద్ద నడుమ గుంట చేసి, కొంచెం నెయ్యి వేసి, ఈ చారు పోసుకుని తినడం దీనికి తగిన పద్ధతి. సంగటిని నమలకుండా మింగుతారు కాబట్టి దానితో పాటు గొంతు దిగే చారు పలుచగానే ఉండాలి, అన్నంలోకైతే కొంచెం చిక్కగా ఉన్నా సరిపోతుంది. హైదరాబాదులో ఉంటూ చలికాలపు సాయంత్రాలలో దీనిని గ్లాసులో పోసుకుని సూప్‌లాగా తాగడం మా ఇంట్లో అలవాటైంది. అలా తాగేటప్పుడు చింతపండు మానేసి, దించిన తరువాత నిమ్మరసం పిండుతాను, మిరియాలు కొంచెం పెంచుతాను. జ్వరం తగ్గి నోరు చప్పబడిన వారికి ఇది హితంగా ఉంటుంది. అయితే గింజల వల్ల కడుపుబ్బరం వచ్చే పెద్దవారికి పప్పు తగ్గించి కట్టు ఎక్కువగా పోయాలి. మిగిలిన చారు గంట గడిచేసరికి చిక్కబడుతుంది. దానికి చన్నీళ్లు కలపవద్దు, వేడినీళ్లు పోసి సన్నని సెగ మీద ఒక్కసారి కలియబెడితే మళ్లీ మొదటి పలుచదనానికి వస్తుంది.

విదేశాలలో ఉన్న మన వారు ఈ గింజలు దొరకవని నిరాశపడనక్కరలేదు. భారతీయ సరుకుల దుకాణాలలో గుజరాతీలు వాడే సుర్తీ పాప్డీ లిల్వా అనే పేరుతో గడ్డకట్టించిన పచ్చి గింజలు అమ్ముతారు, అవి ఈ చిక్కుడు జాతివే. పక్కనే ఉండే తువర్ లిల్వా మాత్రం పచ్చి కందిగింజలు, పొట్లం మీది పేరు చూసి తీసుకోవాలి. గడ్డకట్టిన గింజలను మామూలు నీటిలో రెండు గంటలు ఉంచితే పైపొర వదులవుతుంది, పితకడం తాజా గింజల కంటే సులువు కూడా. తొక్కలు ఉండవు కాబట్టి వాసన తక్కువే, అక్కడ కొత్తిమీర, మిరియాలు కొంచెం పెంచుకోవచ్చు.

ఊరి నుంచి కాయలు ఎక్కువగా వచ్చినప్పుడు నేను గింజలను ఒలిచి, మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లని నీటిలోకి మార్చి, తడి ఆరిన తరువాత సంచులలో పెట్టి ఫ్రీజర్‌లో దాచుతాను. ఏప్రిల్ దాకా వాటితో చారు పెట్టుకోవచ్చు. ఆ తరువాత రుచి పలచబడుతుంది. ఎండు అనపబద్దలతో చేసేది వేరే వంట. వాటిని రాత్రి నానబెట్టి, నానిన నీటిని పారబోసి, కొత్త నీటిలో ఒక పొంగు రానిచ్చి ఆ నీటిని కూడా వంపేసి, అప్పుడు ఉడికించాలి. దానికి చింతపండు, ఉల్లిపాయ, బెల్లం ముక్క, సాంబారు కారం అన్నీ కావాలి. అందులో పచ్చిగింజ రుచిని వెదకకూడదు, పితికిపప్పు చారుకు మళ్లీ డిసెంబరు దాకా ఆగవలసిందే.